అరవై అరటిపండ్లు, పన్నెండు పొట్లాలు

అరటిపండుకు స్టేప్లర్ పిన్ను కొట్టకూడదని బీఎడ్‌లో నాకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, మరిపెడ దగ్గర ఒక ఊరి బడిలో, నేను ఆ పని చేశాను. ఆ రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యాల్లో అది అన్నింటికన్నా చిన్నది. మిగతావి విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా హెడ్మాస్టర్ మేడం ఆ పని ఎప్పుడో కానిచ్చేసింది.

జనగామలో చదువుకుని, జిల్లాలోనే పేరున్న లెక్కల సారును అవ్వాలని కలలు కంటూ వచ్చినవాణ్ని. నా చేతికి ఆరో తరగతిని అప్పగించారు. ఇరవై ఒక్కమంది పిల్లలు. పాఠం గసాభా, అంటే గరిష్ఠ సామాన్య భాజకం. రెండు సంఖ్యలనూ శేషం మిగలకుండా భాగించేవాటిలో అన్నింటికన్నా పెద్దది. చెప్పడానికి ఇంతే. కానీ పద్దెనిమిదికీ ఇరవై నాలుగుకీ గసాభా ఆరు అని బోర్డు మీద రాయగానే తరగతి మొత్తం నన్ను అనుమానంగా చూసింది. గరిష్ఠమంటే పెద్దదని నేనే చెప్పానట. ఆరేమో పద్దెనిమిది కన్నా చిన్నదట. మరి పెద్దది ఎలా అయిందట.

సోమవారం ఓపికగా చెప్పాను. మంగళవారం గొంతు పెంచి చెప్పాను. బుధవారం డస్టర్‌తో బల్ల మీద కొట్టి చెప్పాను, సున్నం పొడి లేచి నాకే తుమ్ములు వచ్చాయి. గురువారం వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, గిదానికి పేరు వెట్టినోల్లే తప్పు వెట్టిన్రేమో" అన్నాడు. ఆ రాత్రి పడుకునేముందు నాకూ అదే అనుమానం వచ్చింది. చూడండి, ఎంత వరకు తెచ్చారో నన్ను.

ఆ తరగతిలో నాకున్న ఒకే ఒక్క ఊరట స్వప్న. చెప్పింది చెప్పినట్టు పట్టుకుంటుంది. అడగాల్సింది అడుగుతుంది, అడగకూడదని నేననుకున్నదీ అడుగుతుంది. సరిగ్గా ఆ పిల్లే మా బడి వదిలిపోయేలా ఉందని ఆ వారమే తెలిసింది. మరిపెడలోని ప్రైవేటు బడి పసుపు బస్సు అప్పుడే ఊళ్లోకి రావడం మొదలైంది. స్వప్న తల్లి సమ్మక్క మిరప చేన్లలో కూలికి పోయే మనిషి. ఎంత కష్టమైనా సరే బిడ్డను ఆ బస్సు ఎక్కించాలని అనుకుంటోంది. స్వప్న ఎక్కితే ఆ వాడ పిల్లలు ఇంకో అయిదుగురు వెనకే ఎక్కుతారు. శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది, అక్కడ మీ చదువు చూసి తేల్చుకుంటానంది సమ్మక్క.

మేడం నన్ను గదిలోకి పిలిచింది.

"సార్, మన బడిల లెక్కలు మంచిగ చెప్తరని ఆమెకు నమ్మకం కుదరాలె. గంతే. ఎక్కువ చెయ్యకున్రి."

ఎక్కువ చెయ్యకపోతే ఇక నేనెందుకు చెప్పండి?

సమావేశానికి వచ్చేవాళ్ల కోసం మేడం అయిదు డజన్ల అరటిపండ్లు, ఆరు డజన్ల బెల్లం పాకం పల్లి పట్టీలు తెప్పించింది. తలా ఒక పండు, తలా ఒక పట్టీ ఇచ్చి పంపాలని ఆమె ఉద్దేశం. నా కళ్లకు మాత్రం అవి తినే వస్తువుల్లా కనిపించలేదు. అరవై, డెబ్బై రెండు అని కనిపించాయి. పంచే పని నాకు వదిలేయమని బతిమాలాను. ఆమె, పాపం, నా మొహం చూసి వదిలేసింది.

పొద్దున్నే పిల్లలకు లెక్క ఇచ్చాను. ఏ పొట్లం తీసినా పండ్లు అన్నే ఉండాలి, పట్టీలు అన్నే ఉండాలి, బయట ఒక్కటీ మిగలకూడదు. అలా ఎక్కువలో ఎక్కువ ఎన్ని పొట్లాలు కట్టగలం? పిల్లలు పండ్లను కుప్పలు పెట్టారు, చెరిపారు, మళ్లీ పెట్టారు. చివరికి పన్నెండని తేల్చారు. పొట్లానికి అయిదు పండ్లు, ఆరు పట్టీలు. పన్నెండు పెద్దదెట్లా అయిందని ఈసారి ఒక్కరూ అడగలేదు. ఆనందంతో నా భుజం నేనే తట్టుకున్నాను.

అప్పుడు స్వప్న చెయ్యెత్తింది. "సార్, మనం ఎంతమందిమున్నం?"

"లెక్కలో లేనిది అడగొద్దు. కూర్చో" అన్నాను.

ఈ మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. నేనైతే జన్మలో మరిచిపోను.

పండ్లు, పట్టీలు కాగితపు సంచుల్లో కుక్కాం. మూతి ముడుచుకోకపోయేసరికి స్టేప్లర్ అందుకున్నాను. దాని సంగతి ముందే ఒప్పుకున్నాను కదా.

పెద్దవాళ్లు ముప్పై ఇద్దరు వచ్చారు. గసాభా నిజజీవితంలో ఎంత అవసరమో పావుగంట ఉపన్యాసం దంచి, బుట్ట పట్టుకుని గుమ్మం నుంచి పంచడం మొదలుపెట్టాను. మొదటి పొట్లం ఆటో యాకూబ్‌కు అందింది. ఆయన మనుషుల్ని దింపి పోదామని వచ్చినవాడు. బరువు చూసి మురిసిపోయి వెంటనే ఆటో ఎక్కాడు. పన్నెండో పొట్లం కూడా ఇచ్చి, పదమూడోసారి బుట్టలో చెయ్యి పెడితే వెదురు తగిలింది. ఎదురుగా చెయ్యి చాపి నిలబడ్డది సమ్మక్క. ఆమె వెనక ఇంకో పంతొమ్మిది మంది. ఆ వెనక ఇరవై ఒక్కమంది పిల్లలు. యాభై మూడు కన్నా పన్నెండు చిన్నదన్న సంగతి లెక్కల సారునైన నాకు అప్పుడు తెలిసింది.

లెక్క మాత్రం సరిగ్గానే ఉందని గొణిగాను.

"లెక్క మంచిగనే ఉన్నట్టుంది సారూ," అంది సమ్మక్క. "గీ పన్నెండు మంది ఎవలు?"

మేడం తిట్లను తర్వాతకు దాచుకుంది. పొట్లాలన్నీ వెనక్కి తెమ్మంది అంతే. ఇచ్చిన పొట్లాన్ని వెనక్కి అడగడం ఎంత సుఖమో మీరే ఊహించుకోండి. ఒకావిడ కొంగులో ముడేసుకుంది, విప్పడానికి నా వంక చూస్తూ చాలా సేపు తీసుకుంది. ఒకాయన పండు ఒలిస్తే పిన్ను బయటపడింది. పండ్లలో సూదులున్నాయన్న మాట నేను ఆయన్ని చేరేలోపే గది దాటింది. యాకూబ్ పొట్లం కోసం బండి మీద మరిపెడ రోడ్డు వరకు తరిమాను. ఆటో పక్కకు ఆపి, ఖాళీ సంచి నా చేతిలో పెట్టాడు.

"మీరే ఇచ్చిన్రని మొత్తం తిన్న సార్. అయిదు పండ్లు తినుడంటే మామూలా? జర పరేషానైన."

నేను తిరిగి వచ్చేసరికి మేడం పదకొండు పొట్లాలూ చింపి, తలా ఒక పండు, ఒక పట్టీ చొప్పున పది నిమిషాల్లో అందరికీ పంచేసింది. పిన్ను గుచ్చుకున్న మూడు పండ్లు మిగిలాయి. "శేషం మీదే సార్" అని అవి నా బల్ల మీద పెట్టింది. తర్వాత తిట్లు కూడా పెట్టింది కానీ, అవి రాయదగ్గవి కావు.

సమ్మక్క లేచి నిలబడింది. పిల్ల చేజారిపోయిందని నాకు అర్థమైపోయింది. తల ఎత్తలేకపోయాను. సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

"ఎంతమందిమున్నమని నా బిడ్డ పొద్దుగాలనే అడిగిందట గద సారూ. నువ్వేమన్నవ్?"

కూర్చోమన్నానని చెప్పాను. ఆమె మేడం వైపు తిరిగింది.

"అయితే బస్సు వద్దు మేడం. నా బిడ్డ ఈడనే ఉండాలె. అది వోతే గీ సారుకు లెక్కలు చెప్పేటోల్లు ఎవలున్నరు?"

గది గదంతా నవ్వింది. పొట్లాలు వెనక్కి ఇచ్చినవాళ్లు అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆ వాడ పిల్లలు అయిదుగురూ కూడా ఉండిపోయారు, నాకు లెక్కలు నేర్పే పుణ్యం స్వప్న ఒక్కదానికే ఎందుకు దక్కాలని కాబోలు.

ఇప్పుడు మహబూబాబాద్‌లో పనిచేస్తున్నాను. కుడిచేత చాక్‌పీసు పట్టుకుని మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. మనుషుల్ని లెక్కపెట్టనిదే పండ్లను లెక్కపెట్టను. ఎంతమందిమున్నమని అడిగిన పిల్లను ఉద్యోగం ఉన్నంతకాలం కూర్చోమనను. స్టేప్లర్ గురించి వేరే ప్రమాణం అక్కర్లేదు. దాన్ని ఆ రోజే మేడం బీరువాలో పెట్టి, తాళంచెవి స్వప్న చేతికి ఇచ్చింది.