క్రేన్ ఎక్కేవాడి దాహం

"...తాగమన్న నీళ్లు మొక్కకి పోస్తే మీ ఒంట్లోకి ఎలా వెళ్తాయండీ?"

ఖాళీ గ్లాసుతో దొరికిపోయిన క్రేన్ ఆపరేటరు నసిగాడు. "వాడిపోయినట్టుంది పాపం."

"దాని కిడ్నీలకేం ఢోకా లేదు. డాక్టరు చెప్పింది మీకు." భార్య గ్లాసు మళ్లీ నింపింది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఓడరేవులో క్రేన్ నడుపుతున్నాడు. పొద్దున్నే నూట నలభై మెట్లెక్కి క్యాబిన్‌లో కూర్చుంటే మధ్యాహ్నం దాకా దిగడం ఉండదు. దిగాల్సిన అవసరం రాకుండా నీళ్లు మానేయడం మొదటి వారంలోనే అలవాటైంది. మోకాళ్లు మొరాయించాక పూటకో నొప్పి మాత్ర వేసుకుని ఎక్కేవాడు. ఆ సంగతి మూడో కంటికి తెలియనివ్వలేదు. తెలిస్తే కిందికి దింపేస్తారు.

మెట్లెక్కుతుంటే గుండె పట్టేసినట్టుందని పోయిన సోమవారం యాంజియోగ్రామ్ చేశారు. ముందుగా నర్సు, "వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, "లేదమ్మా" అన్నాడు. గుండె రక్తనాళాలు తెర మీద కనపడటానికి ఒక రంగు మందు ఎక్కించారు. దాన్ని బయటికి పంపే పని కిడ్నీలది. నీళ్లు లేక, నొప్పి మాత్రలతో అసలే అలిసిన కిడ్నీలు మరీ నీరసించాయి. మూడో రోజు రక్తపరీక్షలో, కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ రెట్టింపైంది. పూడిన రక్తనాళానికి స్టెంట్ వేయాలంటే అదే మందు మళ్లీ ఎక్కించాలి. కిడ్నీలు కోలుకునేదాకా ఆగాల్సిందే అన్నాడు డాక్టరు.

భార్య కొంగుముడి విప్పి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట ఆయన ముందు పెట్టింది. "మీ డ్యూటీ చొక్కాలో ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశాను. ఇక ముట్టుకోవద్దన్నారు."

ఆయన అట్టని పక్కకి జరిపాడు.

"నాకైనా చెప్పొచ్చుగా."

"చెప్తే ఎక్కనిస్తావా?"

"ఎందుకెక్కనిస్తాను?"

"అందుకే చెప్పలేదు."

ఆమె కింద కూర్చుని ఆయన మోకాలు నిమరసాగింది. "అంతలా ఏముందండీ అక్కడ?"

"మన మేడ కనపడుతుంది. నువ్వు బట్టలారేయడం కనపడుతుంది."

ఆమె చెయ్యి ఆగింది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనలేదే."

"అంటే నువ్వు అటు తిరిగి చెయ్యి ఊపుతావు. నా ధ్యాస పోయి సరుకు సముద్రంలో పడుతుంది."

"చాల్లెండి," అంటూ ఆమె గ్లాసు అందించింది.

మాత్ర లేకుండా ఆ మెట్లు ఎక్కలేనని ఆయనకి తెలుసు. నీళ్లు గుక్కగుక్కగా పూర్తిగా తాగాడు. తర్వాత ఫోన్ తీసి ఫోర్‌మన్‌కి కలిపాడు.

"సార్, నేనిక క్రేన్ ఎక్కను. కింద ఏ పనున్నా వేయండి."