అర్థాలంటే మండిపడే ఖాదర్‌బాషా

శ్రీకాళహస్తిలో మోటార్లు బాగుచేసే ఖాదర్‌బాషాకు కోపం తెప్పించడం చాలా సులువు. ఏ మాటకైనా లోపలి అర్థం చెబితే చాలు. ఓ గృహప్రవేశంలో మామిడాకంటే శుభమని ఎవరో మొదలుపెడితే, "తోరణం వంకరగా కట్టి శుభమంటావేందప్పా!" అని నిచ్చెనెక్కి విప్పి మళ్ళీ కట్టాడు. మసీదులో వెలుగంటే జ్ఞానమని ఒకాయన ఉపన్యసిస్తుంటే, మినుకుమంటున్న ట్యూబ్‌లైటు మార్చేదాకా ఆయన్ను ముందుకు కదలనివ్వలేదు.

అలాంటి మనిషికి కృష్ణమూర్తి సారు తన పుస్తకం వినిపించబోయారు. ఖురాన్‌లోనూ మన ఆచారాల్లోనూ నీటికున్న అర్థాల మీద మూడేళ్ళుగా రాస్తున్నారు. ఖురాన్ చిన్నప్పటినుంచీ చదివినవాడు బాగుందంటే అచ్చుకిచ్చేయాలని ఆశ. ఖాదర్ సారు ఇంటికి వచ్చింది మాత్రం నాలుగు రోజుల క్రితం ఆగిపోయిన నీళ్ళ మోటారు కోసం.

"పూర్ణకుంభం నిండుదనానికి గుర్తు. ఖురాన్‌లో చచ్చిన నేలను వాన బతికించడం, మనిషి మళ్ళీ లేవడానికి గుర్తు. వాన అంటే దయ. ఎలా ఉంది ఖాదర్?"

ఖాదర్ స్పానరు నేలకేసి కొట్టాడు. "ఎండిన సేను వానకు లేసేది ఎప్పుడన్నా సూసినారా సార్? సూసినోనికి ఆ మాటే సాలు, మీ అర్థం యాల? దయ, నిండుదనం, అన్నీ రాసినారు. ఇంట్లో నీళ్ళు యాడుండాయి?"

"మా ఆవిడ పద్మాక్షి కింది కుళాయి నుంచి తెస్తోంది."

"ఆయమ్మ మోకాళ్ళు సూసినారా?"

సారు చూడలేదు. ఆయన మూడో అధ్యాయంలో ఉన్నారు.

"సామాను తిరపతి నుంచి రావాల. మూడు దినాలు పడతాది. అందాకా బిందెలు మీరు మోయండి. మోసినంక ఇంటా. అంతవరకూ ఒక్క ముక్క ఇనను!"

మెప్పు కావాలి కనుక సారు బిందె ఎత్తారు. ముప్పై ఆరు మెట్లు. మొదటిరోజు పదకొండు బిందెలు. రెండోరోజు నడుము పట్టేసింది. కూర్చుని మూడో అధ్యాయంలో ఆరు పేజీలు కొట్టేశారు. వాటి బదులు చేరింది ఒక్క పేజీ. అందులో నిండు బిందె భుజం మీద ఎంత బరువుంటుందో రాశారు, అంతే.

మూడోరోజు ఖాదర్ ఆ పేజీ నిలబడే విన్నాడు. "ఇది పని తెలిసినోని రాత. అచ్చుకీండి సార్."

సారు పొంగిపోయి ఆఖరి బిందెకు దిగారు. తిరిగి మెట్లెక్కుతుంటే వంటింట్లోంచి మాటలు వినిపించాయి.

"మోటారు మొన్ననే బాగైందమ్మా. స్విచ్చి ఎయ్యమంటారా?"

కాళ్ళు బారజాపి కాఫీ తాగుతున్న పద్మాక్షి అంది: "సామాను ఇంకో వారందాకా రాదని చెప్పు, ఖాదరన్నా."

సారు మెట్టు మీదే ఆగి నవ్వుకున్నారు. బిందె చప్పుడు కాకుండా వాకిట్లో దించి, ఖాళీది తీసుకుని మళ్ళీ కిందికి దిగారు.