దుప్పటి చూసినాను, మెట్లు చూడలేదు

“కింద రూమే తీసుకుందామమ్మా, నాయన మెట్లెక్కలేడు.”

“రాత్రి పండుకొని పొద్దున్నే లేసేదానికి అంత దుడ్డు పోయల్నా? పై రూములో దుప్పటి చూడు, మన నేత మాదిరి ఎంత గట్టిగుందో! కింద రూముది జల్లెడ.”

పోయినేడు హైదరాబాదు లాడ్జిలో నా కొడుక్కీ నాకూ జరిగిన గొడవ ఇది. మాది ఎమ్మిగనూరు. నలభై ఏండ్లు గుంట మగ్గంలో కాళ్లాడించి మా ఆయన మోకాళ్లు అరిగిపోయినాయి. ఆ మోకాళ్లు పెద్ద డాక్టరుకు చూపించేదానికే పోయినాము. నేను మూడో అంతస్తు దాకా ఎక్కి దుప్పటి వేళ్ల మధ్య నలిపి చూసినాను, కొళాయి తిప్పి చూసినాను. లిఫ్టు లేదన్నది మాత్రం పట్టించుకోలేదు. నా మాటే నెగ్గింది.

రెండో అంతస్తు కాడ మా ఆయన మెట్టు మీద కూలబడినాడు. నొప్పికి టవలు నోట్లో కుక్కుకున్నాడు. పైనుంచి దిగుతున్న ఒక మనిషి నిలబడి, “ఈ పెద్దాయనకు పై రూము తీసుకున్నది ఎవరమ్మా?” అన్నాడు.

“మా కొడుకప్పా” అనేసినాను.

సంచులు మోస్తున్న నా కొడుకు తల వంచుకున్నాడు. మా ఆయన నా మొగం చూసినాడు. ఇన్నేండ్ల కాపురంలో నన్ను అట్ల ఎప్పుడూ చూడలేదు. ఆ గట్టి దుప్పటి మీద నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మా ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించినారు. ఒక పక్క నా కొడుకు, ఇంకో పక్క ముందురోజు మెట్ల కాడ అడిగిన ఆ మనిషే పట్టినారు. నేను చెప్పులు పట్టుకొని ఎనక దిగినాను. కిందికొచ్చినాక ఆ మనిషితో, “రూము తీసుకునింది నేనప్పా. నా కొడుకు వద్దనే అన్నాడు” అని చెప్పినాను.

మా ఆయన చెప్పుల కోసం కాళ్లు ముందుకు చాపినాడు. నేను కింద కూర్చొని తొడిగినాను.