పెళ్లి పందిట్లో త్యాగం పాట

1978 ఎండాకాలంలో నన్ను నల్లమాడ వైపు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఆ రోజుల్లో పెళ్లికి మైకుసెట్టు పెట్టాలంటే పోలీసు పర్మిషన్ కావాలి. ఇచ్చేది మేమే కనుక, మైకు వల్ల గొడవ లేస్తే సర్దాల్సిందీ మేమే. నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని మా ఇంటావిడ అంటుంది. కావచ్చు, నాకు అన్నం పెట్టింది అదే.

మైకు వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. తెల్లవారగానే దేవుడి పాటలు, తర్వాత హుషారైన ప్రేమ పాటలు. ప్రియురాలిని ఇంకొకడికి వదిలేసి హీరో ఏడుస్తూ వెళ్లిపోయే త్యాగం పాటలు మాత్రం పందిట్లో వేయరు. వేస్తే పెళ్లికూతురికి ఎవడో ఉన్నాడనీ, వాడే వేయించాడనీ జనం అనుకుంటారు.

ఒక పల్లెలో రైతు నారాయణప్ప కూతురు రామాంజినమ్మ పెళ్లి. సరిగ్గా తాళి కట్టే ముందు అలాంటి పాటే మోగింది. పెళ్లికొడుకు మేనమామ లేచి పెళ్లి ఆపేశాడు. కబురందుకొని నేను వెళ్లేసరికి ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

"ఎవనికోసరం అప్పా ఈ ఏడుపు పాట? ఈ పిల్లకు ఎవడో ఉండాడు. ఆ మైకోడే అయ్యుంటాడు!"

మైకుసెట్టు నడిపే మాబుది అదే ఊరు, వాడికింకా పెళ్లి కాలేదు. నాకూ వాడి మీదే అనుమానం వచ్చింది. పందిరి వెనక్కి తీసుకెళ్లి గద్దించాను.

"పాట అడిగినోళ్ల పేరు చెప్పను సార్. కావాలంటే కొట్టుకోండి," అన్నాడు. ప్రేమికుడైతే ఇంత ధీమాగా ఉండడే అనిపించింది.

పందిట్లోకి తిరిగొచ్చి అందరి ముఖాలూ చూశాను. మగపెళ్లివారంతా కేకలు వేస్తున్నారు. పెళ్లికొడుకు మాత్రం తల దించుకుని కంకణం దారం తిప్పుకుంటున్నాడు. పెళ్లి ఆగిపోయినవాడికి కోపం రాలేదంటే ఏదో ఉంది. పక్కకు పిలిచి అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు.

"నేనే పెట్టమన్న్యా సార్. కదిరిలో ఒక పిల్ల ఉండాది. మా నాయన ఒప్పుకోల్యా. ఆ పాట ఒక్కసారి విని, మనసు గట్టి చేసుకొని తాళి కడదామనుకున్న్యా."

నాకు ఒళ్లు మండింది. "త్యాగం నీది, నింద ఈ పిల్లకా? ఆ మైకులోనే చెప్పు పో," అన్నాను.

చెప్పాడు. పాట పెట్టించింది తానేనని, పిల్ల తప్పేమీ లేదని హారన్లలో ఊరంతా వినపడింది. మేనమామ కూలబడ్డాడు. ఇక అంతా సర్దుకుందని పురోహితుడు మళ్లీ అక్షింతలు అందుకున్నాడు.

అప్పుడు రామాంజినమ్మ బాసికం విప్పి పీట మీద పెట్టింది.

"మీ మామ నన్ను అన్ని మాటలంటాంటే కూచ్చొని విన్న్యావు గదా! పోలీసొచ్చి అడిగితే గానీ నోరు రాల్యా నీకు. నాకొద్దు, పో."

నారాయణప్ప నా చేతులు పట్టుకున్నాడు. "మీరన్నా చెప్పండి సార్!"

"నేను పర్మిషన్ ఇచ్చింది మైకుకు, పెళ్లికి కాదు," అన్నాను.

కేసు కట్టలేదు. మాబు హారన్లు దించుకున్నాడు, మగపెళ్లివారు భోజనాలు చేయకుండానే బండ్లెక్కారు. ఆ తర్వాత నా సర్వీసులో ఎవరైనా త్యాగం చేశానని చెబితే, దాని బరువు ఎవరి నెత్తిన పడిందని ముందు విచారించేవాణ్ని.