గడపగడపకీ లాగిన్

దీపాలు పెట్టే వేళకి మార్తమ్మ కృష్ణానగర్ సందుల్లోకి దిగిందంటే, ఫిల్మ్ నగర్‌లో ఏదో కంపెనీకి జనం కావలసివచ్చారన్నమాట. అందరి చేతుల్లోకీ ఫోన్లు రాకముందు సంగతిది. పెళ్లి సీనుకి బంధువులు కావాలన్నా, కోర్టు సీనుకి జనం కావాలన్నా మేనేజర్లు ఆమెకే కబురు పెట్టేవారు. ఆమె గడపగడపకీ వెళ్లి, "రేపు ఖాళీయేనా?" అని అడిగేది.

అడగడమంటే ఊరికే నోటితో అడిగి వెళ్లిపోవడం కాదండోయ్. గుమ్మంలో నిలబడి మనిషిని ఎగాదిగా చూసేది. జ్వరం మొహమో, అలిగిన మొహమో, నిన్న తాగింది ఇంకా దిగని మొహమో ఇట్టే పట్టేసేది. ఒక ఇంట్లో టీ, ఇంకో ఇంట్లో వేడి పకోడీ, మరో ఇంట్లో మొగుడూపెళ్లాల తగువుకి తీర్పు. ఇల్లు చేరేసరికి కాళ్లు పీక్కుపోయేవి. అయినా ఆ తిరుగుడంటే ఎంత ప్రాణమో ఆవిడకి! "మార్తమ్మ వస్తారందా, వస్తారంతే" అని స్టూడియోల్లో ఒక మాట ఉండేది. ఆవిడ సంపాదించిన ఆస్తల్లా ఆ మాటే.

ఇప్పుడు రోజులు మారాయి. కంపెనీలు ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాయి. ప్రతి ఆర్టిస్టూ రోజూ సాయంత్రం అందులో లాగిన్ అయి "రేపు ఖాళీ" అన్న బటన్ నొక్కాలి. నొక్కనివాడికి పిలుపు లేదు. మార్తమ్మ మనుషులకి పాస్‌వర్డ్ గుర్తుంటేగా! చివరికి వాళ్లందరి తరఫునా ఆవిడే నొక్కేట్టు మేనేజరు క్రాంతికుమార్ ఒప్పుకున్నాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కొక్క పేరూ కొట్టేది, ఒక్కో అక్షరం తప్పేది, మళ్లీ మొదటికొచ్చేది.

"అమ్మా, నీ బాధ చూడలేకపోతున్నాను. ప్రోగ్రామ్ రాసిస్తాను," అంది కూతురు తబిత. బంజారాహిల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తనది. "రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అసలు పేజీ తెరవకుండానే పేరూ పాస్‌వర్డూ తిన్నగా సర్వర్‌కి పంపేయడం. రెప్పపాటులో అయిపోతుంది. రెండోది, మనిషి చేసినట్టే బ్రౌజర్ తెరిచి, పేరు కొట్టి, బటన్ నొక్కించడం. అది నత్తనడక."

"నాకేం తెలుసే! త్వరగా అయ్యేదే చెయ్యి," అంది మార్తమ్మ.

నిజంగానే రెప్పపాటులో అయిపోయేది. టీ పొయ్యి మీద పెట్టి దించేలోగా సందు సందంతా "రేపు ఖాళీ". మార్తమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. హాయిగానే ఉండేదిగానీ, సాయంత్రం అంతసేపు ఏంచెయ్యాలో తోచేది కాదు.

ఇంతలో ఒకరోజు పొద్దున్నే క్రాంతికుమార్ ఫోన్ చేసి అరిచాడు. "ఏంటమ్మా ఇది! ఋషిని పంపమంటే గుండు పంపావేంటి?"

భిక్షం సంగతది. బొడ్డుదాకా తెల్లగడ్డం, భుజాలమీద జుట్టు. ఋషి అన్నా, ఊరి పెద్ద అన్నా భిక్షమే. ఆ మనిషి యాదగిరిగుట్టకి వెళ్లి మొక్కు తీర్చుకుని, నున్నగా గీయించుకుని వచ్చాడు. ప్రోగ్రామ్‌కి ఆ ముక్క ఎవరు చెప్పారు? ఖాళీ అని కొట్టేసింది. కంపెనీ పిలిచింది. ఆయన వెళ్లి కెమెరా ముందు నిలబడ్డాడు.

"ఇంకోసారి ఇలా జరిగితే నీ మనుషులెవరూ సైట్‌లో ఉండరు. చెప్పలేదనకు," అని పెట్టేశాడు క్రాంతికుమార్.

మార్తమ్మకి తల కొట్టేసినట్టయింది. సందు మొత్తం ఆ సైట్ మీదే బతుకుతోంది. తిన్నగా భిక్షం ఇంటికి వెళ్లింది. "గుండు పెట్టుకుని ఎలా వెళ్లావయ్యా మహానుభావా?"

"పిలిచిండ్రు, పోయిన. విగ్గు పెడ్తరేమో అనుకున్న," అన్నాడు భిక్షం తల నిమురుకుంటూ. "నువ్వు జర ఇంటికొచ్చి అడిగుంటే గిట్లయితుండెనా అక్కా? నువ్వు రాక ఎన్ని రోజులాయె!"

ఆవిడకి అప్పుడు తట్టింది. తను ఇన్నాళ్లూ మాట ఇచ్చింది బటన్ నొక్కి కాదు, మొహం చూసి.

ఇంటికొచ్చి, "ఆ నత్తనడక పద్ధతే పెట్టవే. ఒక్కొక్కరి ఫొటో కనబడాలి. నేను అడిగొచ్చానని చెప్పేదాకా ఆ బటన్ నొక్కకూడదు," అంది.

"మరి ఆటోమేషన్ ఎందుకమ్మా ఇంక!" అని తబిత నవ్వింది.

"అక్షరాలు అది కొడుతుంది. అడగడం నేను అడుగుతాను."

ఆ సాయంత్రం మళ్లీ సందుల్లోకి దిగింది. "అక్కొచ్చింది!" అన్నారు ఎవరో మేడమీంచి. ఎవరింట్లోనో టీ తాగింది. మోకాళ్లు నొప్పెట్టినా, ఇరవయ్యేళ్లు వెనక్కి వెళ్లినట్టు కడుపు నిండిపోయింది.

ఇంటికొచ్చి తబిత పక్కన కూర్చుంది. బ్రౌజర్ తెరుచుకుంటోంది, పేరు పడుతోంది, మొహం వస్తోంది, ఆగుతోంది. "అడిగాను, నొక్కు." "దీనికి జలుబు, వద్దు." "భిక్షానికి గడ్డం మొలిచేదాకా ఊసెత్తకు." అలా సాగి సాగి ఆఖర్న ఒక ఫొటో దగ్గర ఆగింది. రెండు జడలు, కనకాంబరాలు, కెమెరాకేసి గుచ్చి చూసే కళ్లు. మార్తమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ప్రోగ్రామ్ పరీక్షించడానికి నీ పేరుతో ఒక ఖాతా తెరిచానమ్మా. మన ఆల్బమ్‌లోని నీ పాత ఫొటో పెట్టాను," అంది తబిత. తీసేద్దామని చెయ్యి చాపి, అమ్మ మొహం చూసి ఆగింది.

మార్తమ్మ బాపట్లలో రైలెక్కింది వేషాలు వేద్దామనే. గొంతు పెద్దదని నాలుగు రోజులు జనాన్ని పిలిచిపెట్టమన్నారు. ఆ నాలుగు రోజులూ అలా ఏళ్లకేళ్లు సాగిపోయాయి. పిలిచేదాన్ని మళ్లీ ఎవరు పిలుస్తారు?

తబిత కుర్చీ తిప్పి, తల్లిని కిందినుంచి మీదిదాకా ఒకసారి చూసింది.

"అమ్మా, రేపు ఖాళీయేనా?"

మార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెదిరిన జుట్టు చెవివెనక్కి తోసుకుంది. అంత పెద్ద గొంతునీ చిన్నది చేసుకుంది.

"ఖాళీయేనే," అంది చివరికి. "నొక్కు."