నలభై క్రియల భాష

ఆ రోజుల్లో తెలుగు వ్యాకరణం అంటేనే జ్వరం వచ్చే మాకు, సొంత భాషకు వ్యాకరణం రాసుకునే ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ అంతుబట్టదు. వనపర్తి ఆడపిల్లల హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు నేనూ, బల్మూరు నుంచి వచ్చిన నా దోస్తూ కలిసి మరెవరికీ అర్థం కాని భాష ఒకటి కట్టాం. ‘లిక’ అంటే రావడం. లికొబ అంటే వచ్చింది, లికొర అంటే వస్తోంది, లికొజ అంటే వస్తుంది. ఇలా నలభై క్రియలు నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాం (లెక్కల హోంవర్కుకు మాత్రం తీరిక దొరికేది కాదు).

ఆ బుక్కు వార్డెనమ్మ చేతికి చిక్కింది. సరిగ్గా ఆ వారమే మా గదిలో ముగ్గురికి జ్వరాలు. ఆమె “లికొబ, లికొర, లికొజ” అని పైకి చదివి, వణికిపోయి, బుక్కు మీద నిమ్మకాయ పెట్టి మా హెడ్మిస్ట్రెస్ పెద్దమేడం దగ్గరికి మోసుకెళ్లింది. “మంత్రాలు మేడం! పోరిలు బాణామతి నేర్సుకుంటున్నరు!” పెద్దమేడం మంత్రాలను నమ్మలేదు గానీ, అవి ప్రేమలేఖలని నమ్మేశారు. ఎవరికి రాస్తున్నారో చెప్పకపోతే ఇద్దరికీ టీసీ ఇస్తానన్నారు. టీసీ అంటే నా చదువుకు అదే ఆఖరు. ఇక గద్వాల దిక్కు సీడుపత్తి చేలల్లో కూలికి పోవాల్సిందే.

మరునాడు కబురందుకుని, ఆత్మకూరు బస్సు దిగి అమ్మ వచ్చింది. అమ్మకు అక్షరం ముక్క రాదు. సంగతంతా విని, “మేడం, మేం కూలోళ్ల గుంపుల వలస పోయినప్పుడు మేస్త్రికి తెల్వకుంట గిట్లనే మాటలు గట్టుకునేటోళ్లం. గిది భాషనా కాదా, ఇద్దర్ని ఎడంగ కూసోవెట్టి జర పరీక్ష వెట్టుండ్రి” అంది.

దోస్తును చివరి గదిలో కూర్చోబెట్టారు. నన్ను మా భాషలో చీటీ రాయమన్నారు. పెద్దమేడం నా వెనకే నిలబడ్డారు. నలభై క్రియల్లో ఒక్కటీ గుర్తు రాదు. చివరికి మేము రోజూ వాడే వాక్యం ఒకటి తట్టింది. అదే రాశాను. వార్డెనమ్మ చీటీ పట్టుకెళ్లింది. కాసేపటికి ఆయాసపడుతూ తిరిగొచ్చింది. “మేడం! చీటి సదివింది, ఎనక తలుపు తీసుకొని ఉరికింది!”

“ఏం రాసినవే?” అన్నారు పెద్దమేడం.

“‘మేడమొస్తుంది, ఉరుకు’ అని రాసిన మేడం” అని భోరుమన్నాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అంటే గీ భాష మొత్తం నా కోసమేనా!” అని పెద్దమేడం పకపకా నవ్వారు. టీసీ మాట మళ్లీ రాలేదు (నిమ్మకాయను అమ్మ ఇంటికి తీసుకెళ్లి పప్పులో పిండింది).

ఇప్పుడు నేను తెలకపల్లిలో టీచర్ని. ఆ నలభై క్రియల్లో చాలావరకు మర్చిపోయాను. మొన్న తొమ్మిదో తరగతి వైపు నడుస్తుంటే కిటికీ దగ్గరున్న పిల్ల ఒకతె లోపలికి తిరిగి “జుబ్బిపాక!” అని అరిచింది. గదంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. అది ఏ భాషో నాకు తెలియదు, అర్థం మాత్రం తెలుసు. బల్మూరు దోస్తు ఉంటే ఈపాటికి ఉరికేది అనుకుని నవ్వుకున్నాను. వాళ్లు సర్దుకునేదాకా గుమ్మం బయటే కాసేపు నిలబడ్డాను.