మామిడి తోటలో జెండా పట్టిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన నెల, ముసురు పట్టిన ఒక ఆదివారం ఉదయం, పంజాగుట్ట ఆసుపత్రిలో కన్నుమూసింది. గుండె చాలా కాలంగా బలహీనంగా ఉందని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను అమీర్‌పేటలో, మా ఇంట్లో, ఆమె కోసం జావ కాస్తున్నాను. స్టవ్ ఆపేశాను.

మధ్యాహ్నానికల్లా మా సందు నిండిపోయింది. చుట్టాలు వచ్చారు. సిటీ బస్సుల్లో ఆమెతో పాటు కండక్టర్లుగా పనిచేసి రిటైరైన ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక, వానలో తడుస్తూ, టోపీలు తీసి చేత్తో పట్టుకుని చాలామంది కుర్రవాళ్లూ అమ్మాయిలూ వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. కింది పోర్షన్ ఆమె నన్ను పక్కకు పిలిచి "వీళ్లంతా ఎవరమ్మా?" అని అడిగింది. "డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లండీ" అన్నాను. ఆమె ముఖం చూస్తే ఆ జవాబుతో ఏమీ అర్థం కాలేదని తెలిసింది. అందుకే తీరిగ్గా ఇది రాస్తున్నాను.

డిస్క్ గోల్ఫ్‌లో కర్ర ఉండదు, బంతి ఉండదు. టిఫిన్ ప్లేటంత ప్లాస్టిక్ డిస్కును చెట్ల మధ్య నుంచి విసురుకుంటూ వెళ్లి, ఇనుప గొలుసులు వేలాడే బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్లు గెలిచినట్టు. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు సరదాగా మొదలుపెట్టి, ప్రొఫెషనల్ విభాగంలో ఊరూరా తిరిగి ఆడే దాకా వచ్చాను. హైదరాబాద్ సంబంధం కుదిరినప్పుడు మా అమ్మ భయపడింది.

"అక్కడ ఈ విసుర్ల సంగతి ఎత్తకే. ఏంటో, ఏమనుకుంటారో."

నేను ఎత్తలేదు. కాపురానికి వచ్చిన వారంలోనే నా సంచీ అత్తమ్మ కంట పడింది. మంచం మీద బోర్లించి, డిస్కులన్నీ వరసగా పేర్చింది.

"గివేంది బిడ్డా? ఇన్ని పళ్లాలు తెచ్చినవ్, గిండ్ల ఒక్కటన్నా స్టీలుది లేకపాయె."

ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. ఏది ఎడమకు తిరుగుతుందో, ఏది కుడికి తిరుగుతుందో, ఏది తిన్నగా పోయి మెత్తగా దిగుతుందో ఒక్కొక్కటీ చూపించాను. ఆమె అంచుల మీద వేలు పెట్టి తడుముతూ విన్నది.

"అంటే మా బస్సుల లెక్క. ఒక్కోదానికి ఒక్కో గుణం" అంది. ఎడమకు గట్టిగా తిరిగే డిస్కును ఎత్తి చూపి, "గిది లక్డీకాపూల్ కాడ మలిగినట్టు మలుగుతదన్నట్టు" అంది. ఆ డిస్కుకు మా ఇంట్లో ఈ రోజుకీ అదే పేరు.

మా వైపు అత్తగారిని మీరు అంటాం. ఆమె మొదటి రోజే వద్దంది. "మీరు అంటే నాకు టికెట్ తీసుకోమన్నట్టు ఇనపడ్తది" అని నవ్వింది. అలా నా నోట నువ్వు అలవాటయింది.

మొదటి పోటీకి నాతో వచ్చినప్పుడు ఆమె ఉద్దేశం ఆట చూడటం కాదు. "ఇంట్ల కూసొని గోడలు చూసుడు కంటే చెట్లు చూసుడు నయం" అని బయల్దేరింది. చీర కొంగు నడుముకు దోపుకుని, సంచిలో మజ్జిగ సీసా, సోంపు డబ్బా పెట్టుకుని రోజంతా మా వెనక నడిచింది. మలుపుల దగ్గర, డిస్కు ఎక్కడ పడిందో ఆటగాళ్లకు కనిపించని చోట, ఒక మనిషి జెండాలతో నిలబడి ఉంటాడు. డిస్కు హద్దులో పడితే పచ్చ జెండా, హద్దు దాటితే ఎర్ర జెండా ఎత్తాలి. ఆ రోజు అక్కడ నిలబడ్డ అబ్బాయి ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. అత్తమ్మ అతని దగ్గరికి వెళ్లి "తమ్మీ, నువ్వు నీడకు పోయి మంచిగ ఫోన్ చూస్కో, గవి ఇటియ్" అంది. జెండాలు ఆమె చేతికి వచ్చాయి. మళ్లీ ఎవరూ వెనక్కి అడగలేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల మంచి కోర్సు అంటే వికారాబాద్ దారిలో ఉన్న ఒక మామిడి తోటే. నేల ఎత్తుపల్లాలు, పాత చెట్లు, మధ్యలో వాగు. పెద్ద ఛాంపియన్‌షిప్‌కు తగిన చోటు. కానీ అది పంట తోట. దసరా తర్వాత నేల ఆరాక తెరుచుకుంటుంది, మామిడికి పూత రాగానే మూతపడుతుంది. మళ్లీ ఏడాదికే. ఆ కొద్ది వారాల కోసం దేశంలో ఆటగాళ్లందరూ ఎదురుచూస్తారు.

మొదటిసారి అక్కడ ఛాంపియన్‌షిప్ పెట్టిన ఏడాది తోట యజమాని, అత్తమ్మ ఈడు రైతు, ఒకే ఒక్క మాట అడిగాడు. వాగు పక్కన కొత్తగా నాటిన అంటు మొక్కల చుట్టూ తాడు కట్టాడు. దాన్ని దాటొద్దన్నాడు. అందరూ సరేనన్నారు. డిస్కు అవతల పడితే ఒక విసురు జరిమానా అని నియమం కూడా రాసుకున్నారు. కానీ ప్రాక్టీసు రోజుల్లో ఎవరూ లేరు కదా అని కొందరు తాడు దాటి వెళ్లి డిస్కులు తెచ్చుకున్నారు. కొన్ని మొక్కలు విరిగాయి. ఫైనల్ రోజు పొద్దున యజమాని నిర్వాహకులతో చెప్పేశాడు.

"గీ ఒక్క ఆట ఆడుకోర్రి. మల్లొచ్చే ఏడు రాకుర్రి. మీ మాట మీద నాకు భరోసా లేదు."

ఆ మాట అందరికీ తెలిసింది. ముఖాలు వేలాడేసుకునే ఆట మొదలుపెట్టాం.

చివరి నుంచి రెండో బుట్ట దగ్గరికి వచ్చేసరికి నాతో పోటీ పడుతున్న ఒక బెంగళూరు అమ్మాయి కంటే నేను ఒక్క విసురు ముందున్నాను. అది వాగు పక్క మలుపు. జెండాలతో అక్కడ నిలబడింది అత్తమ్మ. నేను మా లక్డీకాపూల్ డిస్కునే తీశాను. చేతిలోంచి బాగానే వెళ్లింది. చెట్ల వెనక్కి తిరిగాక మాకు కనిపించలేదు.

మేం చెట్లు దాటి వచ్చేసరికి తోట కుక్క నా డిస్కును నోట కరుచుకుని, హద్దు లోపల, గడ్డిలో దర్జాగా కూర్చుని ఉంది. అందరూ పగలబడి నవ్వారు. ఇలాంటప్పుడు డిస్కు మొదట ఎక్కడ ఆగిందో అక్కడే తిరిగి పెట్టి ఆడాలి. మరి ఎక్కడ ఆగింది? చూసినవాళ్లు ఎవరు? అందరి తలలూ అత్తమ్మ వైపు తిరిగాయి.

ఆమె ఎర్ర జెండా ఎత్తింది.

"అత్తమ్మా, సరిగ్గా చూశావా? కుక్క అడ్డం వచ్చిందేమో."

"కుక్క తర్వాత వచ్చింది బిడ్డా. పళ్లెం ముందుగాల్నే వడ్డది. తాడు అవతల, గా మొక్క మొదట్ల."

బెంగళూరు అమ్మాయికి తెలుగు రాదు. జెండా అర్థమైంది. నా వంకా, అత్తమ్మ వంకా మార్చి మార్చి చూసింది. నేను జరిమానా రాయించుకుని ఆడాను. ఇద్దరం సమానమయ్యాం. చివరి బుట్ట దగ్గర నా డిస్కు గొలుసుకు తగిలి బయటికి జారింది. ఆ అమ్మాయిది పడింది. ఆ ఏడాది ఛాంపియన్ ఆమె.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. మాసబ్ ట్యాంక్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాక ఇక ఆగలేకపోయాను.

"నేను చూడలేదు అని ఉంటే సరిపోయేది కదా?"

"చూసిన కదా."

"చూశావులే. నేను నీ కోడల్ని కాదా?"

"కోడలివని పచ్చది ఎత్తాల్నా? రేపు ఇంకోలు ఇంకోల కోసం ఎత్తుతరు. ఇగ గా జెండాలెందుకు, గుడ్డ పేలికలు."

"నీకేం, ఏడాదంతా కష్టపడింది నేను."

"కష్టపడ్డవ్. నేను చూడలేదా? తిట్టు, మస్తు తిట్టు. గని ఇంటికి పోయి అన్నం తిని తిట్టు. ఉత్త కడుపుతోని తిడితే నీకే తల నొస్తది."

ఇంటికి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, పచ్చిపులుసు చేసింది. కంచంలో అన్నం పెట్టి నా ఎదురుగా కూర్చుంది, నిజంగానే తిట్లు తినడానికి సిద్ధమైనట్టు. రెండు ముద్దలు తిన్నాక నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "ఇంకొంచెం పెట్టుకో, తిట్టేటందుకు బలం కావాలె" అంది.

కొన్ని రోజులకు ఆమెకు ఫోన్ వచ్చింది. ఆమె ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడేది కాబట్టి ఇల్లంతా విన్నాం. తోట యజమాని.

"చెల్లె, గా దినం నేను పంపుసెట్టు కాడ నిలవడి చూసిన. పళ్లెం తాడు అవతల్నే వడ్డది. నువ్వేం చెప్తవోనని సప్పుడు చెయ్యలె."

"మరి ఇంకేంది అన్నా, నువ్వు చూస్తివి, నేను చూస్తి."

"గేటు కాడ నువ్వుంటనంటే వచ్చే ఏడు సుత ఆడుకోమను."

అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఏమీ అనకముందే "ఉంటనన్నా. గని నా మాట నువ్వు సుత ఇనాలె" అంది. అవతలి నుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

అలా సీజన్ మొదలైతే ఆమె ఇల్లు తోట గేటు అయిపోయింది. వారాంతాల్లో పొద్దున్నే బయల్దేరి వెళ్లి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరొచ్చినా పేరు అడిగేది, ఎక్కడి నుంచి వచ్చావని అడిగేది, తాడు ఎక్కడుందో చెయ్యి చాపి చూపించేది. రాష్ట్ర స్థాయి ఆటగాడైనా, కొత్తగా డిస్కు పట్టిన పిల్లైనా ఆమెకు ఒకటే. మాట వినేవాళ్లకు మజ్జిగ దొరికేది. విననివాళ్ల మీద, ఒకప్పుడు బస్సు చివరి సీటు దాకా వినిపించిన గొంతు తోటంతా మోగేది.

మూసే రోజు విషయంలో మాత్రం ఆమె ఎవరి మాటా వినలేదు. చలి ముదిరాక రోజూ కొమ్మలు చూసేది. పూత కంకి కనిపించిన రోజు గేటు మూసేసేది. ఒక ఏడాది పూత ముందే వచ్చింది. వారంలో ఛాంపియన్‌షిప్. బ్యానర్లు అచ్చయ్యాయి, బయటి ఊళ్ల వాళ్లు టికెట్లు బుక్ చేసుకున్నారు. స్పాన్సర్ల తరఫున ఒకాయన కారు దిగి వచ్చాడు.

"మేడమ్, ఒక్క వారం ఎక్స్‌టెండ్ చేయండి. మొత్తం షెడ్యూల్ దెబ్బతింటుంది."

"మీ షెడ్యూలు చూసి పూత రాదు సార్. పూతను చూసి మీరే షెడ్యూలు పెట్టుకోవాలె."

"ఒక్క వారమేనండీ."

"గీ వారంల మీ పళ్లాలు తాకి రాలిన పూత, ఎండకాలంల కాయ గాదు. అన్నకు నేనేం చెప్పాలె?"

ఆ టోర్నమెంటు ఇంకో మైదానానికి మారింది. చాలామంది తిట్టుకున్నారు, మీ అత్తగారే కదా, నీ మాట వినదా అని నన్నూ అడిగారు. నాకు వెనకటి సంగతి గుర్తుంది కాబట్టి ప్రయత్నమే చేయలేదు. తర్వాతి ఏడాది నుంచి నిర్వాహకులే ఛాంపియన్‌షిప్‌ను నవంబరులోకి జరిపారు. ఇప్పుడు అది ఎవరికీ వింతగా అనిపించదు. ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు అందరూ ఆ నెలకు సెలవులు పెట్టుకుంటారు.

అదే తోటలో నేనూ ఛాంపియన్‌నయ్యాను. చివరి డిస్కు గొలుసుల్లో పడి చప్పుడు చేయగానే అత్తమ్మ కోసం వెతికాను. ఆమె అటు తిరిగి ఉంది. ఫొటోలు తీసే అతను వెనక్కి నడుస్తూ అంటు మొక్క మీద కాలు పెట్టబోతుంటే, చొక్కా పట్టుకుని ఇవతలికి లాగుతోంది. ఆ గొడవ తేలాక నా దగ్గరికి వచ్చింది.

"గెలిచినవంట కదా. చూడలే. మల్లోసారి గెలువు, చూస్త."

మరుసటి ఏడాది మళ్లీ గెలిచాను. అప్పుడు మాత్రం కుర్చీ తెచ్చుకుని, చివరి బుట్ట ముందు వేసుకుని, సోంపు నములుతూ చూసింది. ఇంటికి వచ్చే దారిలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, నేను పక్కనే ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టు, ఒక్కొక్క విసురూ వర్ణించి చెప్పింది.

కిందటి సీజన్ చివర్లో ఆయాసం మొదలైంది. గేటు దగ్గర తన పక్కన ఇంకో కుర్చీ వేయించి, బీదర్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక ఆటగత్తెను కూర్చోబెట్టి పని నేర్పింది. "ఫికర్ చెయ్యకు, గట్టిగ అంటే అందరు ఇంటరు. మెత్తగ అన్నా ఇంటరు. గని రేపొక మాట, ఎల్లుండొక మాట అంటే ఎవ్వలు ఇనరు" అని చెప్పడం నేను విన్నాను. ఈ దసరా తర్వాత తోట తెరుచుకుంటుంది. కర్మకు వచ్చినప్పుడు యజమాని ఆ మాటే చెప్పాడు. ఆ అమ్మాయి గేటు దగ్గర ఉంటుంది. నేను ఆడతాను.

ఆమెను తలుచుకుంటే నాకు తోట కంటే ముందు ఈ ఎండాకాలం ఒక సాయంత్రం గుర్తొస్తుంది. డాక్టరుకు చూపించుకుని పంజాగుట్ట ఆసుపత్రి బయటికి వచ్చాం. ఆటో పిలుస్తానంటే వద్దంది. "జర నడుస్త. గీ రోడ్డు మీద నడవక ఎన్ని దినాలాయె" అంది. చౌరస్తా దగ్గర ఆగాం. ఆఫీసులు వదిలే సమయం. ఫ్లైఓవర్ కింద బళ్లు ఆగకుండా వస్తున్నాయి. మాతో పాటు చాలామంది అంచున నిలబడి ఉన్నారు. చేతి సంచులతో నర్సులు, స్కాన్ కవర్లు పట్టుకున్న ముసలి దంపతులు, చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి. అందరూ ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ వెనక్కి తగ్గుతున్నారు.

అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుంది. కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి బళ్ల వైపు తిప్పి, రోడ్డు మీదికి దిగింది. పరుగు లేదు. ఒక బస్సు ఆగింది, దాని పక్క ఆటోలు ఆగాయి. ఆమె వెనకే నేను, నా వెనకే ఆ మనుషులంతా గుంపుగా దాటాం. అవతలి ఫుట్‌పాత్ ఎక్కాక ఎవరి దారిన వాళ్లు విడిపోయారు. ఆమె ఆయాసపడుతూ నా భుజం పట్టుకుంది. చెయ్యి మాత్రం దించలేదు. వెనక్కి తిరిగి, ఇంకెవరైనా రావాల్సి ఉందేమోనని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.